ఆదివారం బడి పిల్లల బరువులు

రాజమండ్రిలో ఒక చిన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరిన కొత్తల్లో, ఒక పిల్లల ఆసుపత్రి కోసం చేసిన ప్రోగ్రామును పరీక్షించే పని నాకిచ్చారు. నర్సు బిడ్డ వయసూ బరువూ కొడితే జ్వరం మందు ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో తెర మీద వస్తుంది. పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది.

పిల్లల వివరాలు ఏవో ఊహించి కొట్టమన్నారు మా టీమ్ లీడ్‌గారు. నాకు చేతులు రాలేదు. మా నాన్నగారు లూథరన్ సంఘంలో పెద్ద. లేని బిడ్డకు పేరు పెట్టి, లేని బరువు రాయడం నాకు అబద్ధ సాక్ష్యంగానే తోచింది. అందుకని ఆదివారం బరువు చూసే మిషన్‌ను చర్చికి పట్టుకెళ్లాను. నేను వాక్యం నేర్పే ఆదివారం బడి పిల్లలందరినీ వరసగా దాని మీద ఎక్కించి, బరువులు పుస్తకంలో రాసుకున్నాను. మమ్మల్ని సంతలో అమ్మేస్తారా టీచరుగారూ అని ఒక పిల్ల నవ్వింది. సోమవారం ఆ బరువులన్నీ కొట్టాను. ఒక్క లెక్కా తప్పలేదు. దేవునికి స్తోత్రం చెప్పుకుని రిపోర్టులో 'పాస్' అని రాశాను.

ప్రోగ్రాము వాడకం మొదలుపెట్టిన రోజు నర్సుకు సాయంగా నన్ను ఆసుపత్రికి పంపారు. జంగారెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చిన ఒక తల్లి, ఒళ్లు కాలిపోతున్న అయిదు నెలల పాపను పట్టుకుని కూర్చుంది. నర్సు పాపను తూచి బరువు కొట్టింది. తెర మీద నలభై మిల్లీలీటర్లు అని వచ్చింది. టిక్కు కూడా పడింది. ఆమె మందు సీసా తీసి, ఆగి, నావైపు తిరిగింది.

"ఏవండీ, ఇది కరెక్టేనా?"

"టెస్ట్ చేశామండి. సరిగ్గానే ఉంటుంది" అన్నాను. తడుముకోలేదు. తెర వైపు తప్ప పాప వైపు చూడను కూడా లేదు.

నర్సు మాత్రం పాపను చూసింది. సీసా మూత మళ్లీ బిగించేసింది.

"సగం సీసా పైగా పట్టమంటోందండి ఇది. ఈ గుప్పెడు పిల్లకి."

ఆరున్నర కేజీలు కొట్టబోయి మధ్యలో చుక్క మరిచిపోయింది. అరవై అయిదు అని పడింది. అయిదు నెలల పాపకు అరవై అయిదు కేజీలేమిటని మా ప్రోగ్రాము అడగలేదు. నర్సు చేత్తో లెక్క వేసుకుని, డాక్టరుగారికి చూపించి, నాలుగు మిల్లీలీటర్లు పట్టింది. ఆ తల్లికి ఏమీ తెలియదు. మాకు మొక్కి వెళ్లిపోయింది.

ఆఫీసుకు వచ్చి జరిగిందంతా చెప్పాను. లీడ్‌గారు కోప్పడలేదు.

"మీరు ఎన్ని తప్పుడు బరువులు కొట్టి చూశారు?"

"ఒక్కటీ కొట్టలేదండి. అబద్ధం రాయడం నావల్ల కాలేదు."

"మనుషులన్నాక తప్పు కొడతారండి. ఆ తప్పేదో ముందు మనమే ఇక్కడ కొట్టి చూడాలి. లేకపోతే అక్కడ బిడ్డ మీద చూడాల్సొస్తుంది."

అబద్ధం రాయనని అంత పట్టుబట్టిన నేను, చూడని దాన్ని చూశానని ఒక తల్లి ఎదుట సాక్ష్యం చెప్పి వచ్చాను. ఆ మాట ఆయన అనలేదు. అనకపోయినా నాకు వినబడింది.

కుర్చీలో కూర్చుని అయిదు నెలల పాపకు అరవై అయిదు కేజీలు కొట్టాను. టిక్కు పడింది. ఆరువందల యాభై కొట్టాను. టిక్కు పడింది. సున్నా కొట్టినా పడింది. బరువు ఉండాల్సిన చోట వయసు కొట్టినా పడింది. ఇంకెవరైనా నర్సు ఈపాటికి ఆ తెరను నమ్మేసి ఉంటే?

ఇక ఆగలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ ప్రోగ్రాము వెంటనే ఆపేయమనీ, అది సరిగ్గా ఉందని చెప్పింది నేనేననీ, తప్పు బరువులు కొట్టి చూడకుండానే చెప్పాననీ నర్సుతో అన్నాను. పొద్దుట్నుంచి మందు పట్టిన పిల్లల చీటీలన్నీ తీయమని అవతల ఆమె ఎవరికో కేకేయడం వినబడింది.