పసుపు పెట్టని జంపఖానా

పెద్దబాపు ఇక లేడు. మొన్న పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా, రా" అంది, అంతే. మా నాన్నకు అన్న ఆయన. వరంగల్‌లో మా వాడ చేనేత సంఘానికి ఏళ్ల తరబడి పెద్ద. నేను హన్మకొండలో నడిపే ఇంటర్నెట్ సెంటర్ షట్టర్ దించి పరుగెత్తాను. ఇంటి ముందు నేతవాళ్లంతా కూడి ఉన్నారు. అందులో ఒకాయన కళ్లు తుడుచుకుంటూనే, "ఇగ మా మగ్గాలకు దిక్కెవలమ్మా?" అని అడిగాడు.

మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే పెద్దబాపుకు లోకం పట్టేది కాదు. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ కబుర్లు చెప్పేవాడు. ఎంత చిక్కొచ్చినా ఒకటే మాట: "జర ఆగు బిడ్డా. తలుపెక్కడనో ఉంటది." సెంటర్ పెడతానంటే ఇంట్లో అందరూ వద్దన్నప్పుడు నన్ను నిలబెట్టింది ఆ మాటే.

అందుకే సంఘం టెండర్లు నా సెంటర్ నుంచి నేనే వేసేదాన్ని. కేంద్ర ప్రభుత్వ హాస్టళ్లకు జంపఖానాల ఆర్డర్ మీదే మా మగ్గాలు ఆడేవి. అది పోతే ఆగిపోవడమే.

మా ఇళ్లలో మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాక దిగిన మొదటి జంపఖానాకు ఒక మూలన పసుపు వేలిముద్ర పెడతారు. ఆ పని పెద్దమ్మది. నిరుడు టెండర్‌కు పంపిన శాంపిల్‌కూ అలవాటుగా పెట్టేసింది. మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు. శాంపిల్ మీద మరక ఉందని మా టెండర్ తిప్పికొట్టారు; పాత ఆర్డర్లతోనే ఆ ఏడు నెట్టుకొచ్చాం. మరకట! నాకు ఒళ్లు మండింది. పెద్దబాపు మాత్రం, ఈ సంగతి పెద్దమ్మ చెవిన వేయనని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ఈ ఏడు శాంపిల్ దిగిన రోజు ఆమె పసుపు గిన్నెతో వచ్చేసరికి, ఆయన ఆ జంపఖానా మీదే కూర్చుని ఉన్నాడు.

"లెవ్వు, పసుపు పెట్టాలె."

"ఇప్పుడొద్దు. ఆర్డర్ వచ్చినంక పెడుదువు."

"గిదేం కొత్త?"

"నా మాట ఇనవే."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు ఆయన చాయ్ ముట్టలేదు.

శాంపిల్ పాసైంది. కానీ అంతలోనే వేరే దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఇక మా టెండర్లలో వాళ్ల కంపెనీలూ పోటీ పడవచ్చు. వాళ్ల సరుకుకు దిగుమతి సుంకం ఉండదు. దేశవాళీ సరుకుకు ఇన్నాళ్లూ ఇచ్చిన మొగ్గు వాళ్ల ముందు చెల్లదు. నేను చదివి చెబితే పెద్దబాపు నవ్వాడు.

"అంటే ఆల్లను కొత్తల్లుని లెక్క చూస్కోవాల్నా?"

"మనం గూడ ఆల్ల దేశంల టెండర్ ఎయ్యొచ్చట పెద్దబాపూ."

"హన్మకొండ దాంక వస్తేనే నా మోకాళ్లు పట్టుకపోతానయ్. గాడికెవలు పోతరే?"

మరమగ్గాల మీద నేసిన ఆ సరుకు ధరకు మేం దిగాలంటే నేతవాళ్ల కూలి కోయాలి. దిగకపోతే పనే ఉండదు. ఆ వారమంతా ఆయన సంఘం గదిలో గోడ నుంచి గోడకు తిరిగాడు. ఏం చేద్దామని అడిగితే "జర ఆగు" అనేవాడు గానీ, తలుపు మాట ఎత్తలేదు. చివరికి, కూలి కోసేది లేదన్నాడు. ఆర్డర్ పోయింది. వెనక్కి వచ్చిన శాంపిల్‌ను మడత విప్పకుండా అటక మీద పెట్టించాడు. తర్వాత దవాఖానలో మంచం పట్టినా నేను కనబడితే అదే ఆరా: "కొత్త టెండర్ ఏమన్న పడ్డదా బిడ్డా?" పడలేదు.

మొన్న ఆ జంపఖానానే దింపి ఆయన కింద పరిచారు. నాలుగు మూలలూ శుభ్రంగా ఉన్నాయి. పెద్దమ్మ లోపలికి పోయి పసుపు గిన్నె తెచ్చింది.

"ఆర్డర్ వచ్చినంక పెట్టుమన్నవు" అంది ఆయనతోనే. "ఇగ నాతోని ఆగుడు గాదు."

వేలు ముంచి, ఆయన కాళ్ల దగ్గరి మూలన గట్టిగా నొక్కింది. పసుపు తడి మెల్లగా నేతలోకి ఇంకుతుంటే, మగ్గాలవాళ్లంతా చూస్తూ నిలబడిపోయారు.