శవపేటిక కింద భుజం

ఐర్లండ్‌లోని మా గాల్వే ఊరి నాటకశాలకు నటుడు మలాకీ కిన్నేన్ తన వయసంతా ధారపోశాడు. టీవీ సీరియల్లో చర్చి ఫాదర్ వేషం ఒప్పుకున్నాడని మేనేజరు ఫెర్గల్ అతణ్ణి తీసేశాడు. "అవసరమైతే మేమే పిలుస్తాంలే" అన్నాడు. తర్వాత సినిమాల్లో పబ్బు మూలన కూర్చునే ముసలాడి వేషాలే దొరికాయి. మలాకీ మాత్రం చచ్చేదాకా ఆ పిలుపు కోసం ఫోన్ పక్కనే కాచుకున్నాడు.

మాలో ఇంటివాళ్లు అడిగినవాళ్లే శవపేటిక మోస్తారు. నిన్న మలాకీ అంత్యక్రియల్లో చర్చి బయట కెమెరాలు కనబడగానే, ఆ సిగ్గులేని ఫెర్గల్ ఎవరూ అడక్కుండానే భుజం పెట్టాడు.

మలాకీ భార్య బ్రీడ్ ఫెర్గల్ చెయ్యి పట్టి పక్కకు లాగింది.

"మలాకీ మావాడు, బ్రీడ్."

"అలాగా. అయితే ఇంటికెళ్లి ఫోన్ పక్కన కూర్చో. అవసరమైతే మేమే పిలుస్తాంలే."