అత్తమ్మ అమ్మిన చెరుకు

మా అత్తమ్మ పోయింది. ఆషాఢ ఏకాదశి ఉపవాసం ఉండి, మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, చాయ్ తాగి, "జర నడుం వాలుస్త" అని మంచం మీద ఒరిగింది. మళ్ళీ లేవలేదు. ఊళ్ళో వాళ్ళకు మేము కబురు పంపే పనే పడలేదు. ఘుగ్గుస్ రోడ్డు మీద పోయే వాళ్ళంతా మా కట్టెల టాలు గేటు మూసి ఉండడం చూశారు. వాన రానీ, పండుగ రానీ, ఆ గేటు మూసి ఉండగా ఎవరూ చూసి ఎరగరు. "అమ్మకేమైంది?" అంటూ ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. గిరాకీకని వచ్చిన వాళ్ళు కూడా కబురు విని, తెచ్చుకున్న సంచి మడిచి చంకలో పెట్టుకుని, అక్కడే కూర్చుండిపోయారు.

కట్టెలు అమ్మే జాగాను ఈ చంద్రపూర్‌లో టాలు అంటారు. మా మామయ్య బొగ్గు గనిలో పనికని తెలంగాణ నుంచి వచ్చాడు. ఇంటి పక్కన ఉన్న ఖాళీ జాగాలో టాలు పెడతానని అత్తమ్మ అన్నప్పుడు అందరికంటే ముందు నవ్వింది ఆయనే.

"బొగ్గు ఊర్ల కట్టెలెవరు కొంటరే? పిచ్చిగిట్ల లేసిందా?"

"నీ బొగ్గు నోటితోని ఊదితే అంటుకుంటదా? దాని కింద నాలుగు పుల్లలు పెట్టాలె. ఆ నాలుగు పుల్లలు నేనమ్ముత."

ఈ ముచ్చట మామయ్య గొంతు పెట్టి, మీసం తిప్పుతున్నట్టు చెయ్యి తిప్పి, ఆమే నాకు చెప్పేది. మామయ్య పోయాక కూడా అట్లాగే నవ్వుతూ చెప్పేది. చెప్పడం అయ్యాక మాత్రం కొంగు కొసతో కళ్ళొత్తుకునేది.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె నాకు నేర్పిన మొదటి పని వంట కాదు, వినడం. రెండు కట్టెలు నా చేతికిచ్చి, "చెవి కాడ పెట్టి కొట్టు బిడ్డా. ఏమంటున్నది?" అని అడిగింది.

"ఏమీ అంటలేదత్తమ్మా."

"అనకుంటే పచ్చిదన్నట్టు. పచ్చిదానికి నోరుండది."

ఇంకో రెండు ఇచ్చింది. కొడితే గుడి గంటకు చెల్లెలిలాగా టంగుమన్నాయి. "ఇగో, గిది మాట్లాడుతున్నది. గిదే తూకమెయ్యి" అన్నది. వానాకాలంలో తడి కట్టె బరువు తూగుతుంది, అమ్మే వాళ్ళకు లాభమే. ఆమె మాత్రం తూచనిచ్చేది కాదు. "పొగకు కండ్లు మండితే పొయ్యి ముంగట కూసొని నన్నే తలుచుకుంటరు. గట్ల తలుచుకునుడు నాకొద్దు" అనేది.

టాలు నడపడమంటే కూర్చుని తూచడమే అనుకునేదాన్ని. కాదని తొందరగానే తెలిసింది. కట్టెల కోసం అడవి డిపోలో నీలాం అనే వేలంపాట పాడాలి. పాడిన సరుకుకు పాసు రాయించుకోవాలి. ఆ పాసులో ఒక్క అక్షరం తప్పు పోయినా తనిఖీ నాకా దగ్గర లారీ ఆగిపోతుంది. లారీ వచ్చే నాడే వాన వస్తుంది. టాలు గేటు దాకా వచ్చి బురదలో చక్రం దిగబడుతుంది. చెదలు సరేసరి. ఇక కట్టెల సందున తేళ్ళు. అత్తమ్మ కుప్పలో చెయ్యి పెట్టే ముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టి, "ఓ సామీ, జర జరుగు, నీ ఇల్లు అమ్ముడుపోయింది" అనేది. తేలు బయటికి వస్తే దండం పెట్టి, చీపురుతో గోడ అవతలికి సాగనంపేది. చంపగా నేనెన్నడూ చూడలేదు.

వానాకాలానికి ముందే ఆమె చేసే పని ఇంకొకటి ఉండేది. బాగా మాట్లాడే కట్టెలు ఏరి, రేకుల కింద వెనక మూలన పేర్చి, పైన గోనెలు కప్పేది. ఎంత గిరాకీ వచ్చినా వాటిలో నుంచి పుల్ల కూడా తీయనిచ్చేది కాదు. "ఎవలింట్ల కష్టమొస్తదో, వానల యాడికని తిరుగుతరు?" అనేది. అట్లా చావు ఇంటి నుంచి వచ్చిన వాళ్ళకు ఆ కట్టెలు తూచేది కాదు. సరిపోయేన్ని బండిలోకి ఎత్తించి, లోపలికి వెళ్ళి దేవుడి ముందు కూర్చునేది.

ఇప్పుడు చెరుకు సంగతి చెప్పాలి.

కరెంటు ప్లాంటు కాలనీకి కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరుగారి భార్య ఒకరోజు రిక్షాలో మా టాలుకు వచ్చింది. ఆంధ్ర వైపు ఆవిడ. పట్టుచీర కట్టుకుని, నుదుట పెద్ద బొట్టుతో లక్ష్మీదేవిలాగా ఉంది.

"మామ్మగారూ, వంటచెరకు ఉందాండీ?"

అత్తమ్మ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "చెరుకు బజార్ల దొరుకుతది బిడ్డా. ఈడ కట్టెలే."

ఆవిడ గబుక్కున చెవులు మూసుకుంది. "అయ్యో, ఆ మాట అనకండి! కొత్త ఇంట్లో పాలు పొంగించడానికండీ."

"పాలు పొంగిచ్చుడుకు చెరుకెందుకే తల్లీ? చక్కెరేస్తరు గదా!"

ఆవిడ నా వైపు చూసింది. నేను బడిలో చదువుకున్న మాట గుర్తొచ్చి, "అత్తమ్మా, వంట కట్టెల్నే వాళ్ళ దిక్కు వంటచెరకు అంటరు. శుభకార్యం గదా, కట్టె అనొద్దని" అని చెవిలో చెప్పాను. అత్తమ్మ తరాజు గొలుసు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఇన్నేండ్ల సంది చెరుకమ్ముతున్న, నాకే ఎరుక లేకపాయె!" ఆవిడ కూడా పట్టుచీరతోనే కట్టెల మీద కూర్చుని నవ్వింది. వెళ్ళేటప్పుడు అత్తమ్మ ఒక్కొక్క పుల్లనూ కళ్ళకద్దుకుని ఇచ్చింది.

ఆ నాటి నుంచి ఎవరు వచ్చినా ఆమెది ఒకటే ప్రశ్న. "ఏం గావాలె? చెరుకా? వండేదా, నమిలేదా?" శుభకార్యానికి వచ్చిన వాళ్ళతో కట్టె అనే మాట పూర్తిగా మానేసింది.

ఆ తరువాత గ్యాసు వచ్చింది. ఇదివరకు పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన వాళ్ళకు కూడా చూస్తుండగానే సిలిండర్లు వచ్చేశాయి. కాలనీల్లో రంగుల టీవీలు వచ్చాయి, వాటితో పాటు గ్యాసు పొయ్యిలు. మా గేటు ముందు నుంచే సిలిండర్ల బండి గలగలమంటూ పోయేది. మోపులు మోపులు కొనే ఇళ్ళు ఒక్కొక్కటే రావడం మానేశాయి. అప్పుడే ఒక సేటు కూల్‌డ్రింకుల గోదాముకని మా జాగా కిరాయికి అడిగాడు.

మా ఆయన తల్లి దగ్గర కూర్చుని, "అమ్మా, ఇగ బంద్ జేద్దాం. ఊకె కూసుంటే కిరాయొస్తది. నీకు ఈ వయసుల ఈ దుమ్మెందుకు?" అన్నాడు.

"కిరాయొస్తది, సరే. పొద్దుగాల గేటు కాడికి ఎవరొస్తరు? నీ సీసాలొచ్చి నాతోని ముచ్చట పెడ్తయా?"

అత్తమ్మే మళ్ళీ కొంగు దులుపుకుంటూ, "మహాకాళమ్మ జాతర దాక ఆగురా. చైత్రం ఎల్లినంక నువ్వు జెప్పినట్టే" అన్నది.

ఆ మర్నాడే ఆమె చేసిన పనికి అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. మా ఇంటికే గ్యాసు పెట్టించమన్నది! "కట్టెల టాలోళ్ళింట్ల గ్యాసా?" అని పక్కింటి వాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం, "అది ఎప్పుడు నిండుకుంటదో నాకెరుకైతే, గిరాకీ ఎప్పుడొస్తదో ఎరుకైతది" అన్నది. రోజూ చాయ్ పెట్టేటప్పుడు సిలిండర్‌ను వేలితో తట్టి, చెవి పెట్టి వినేది. దాన్ని కూడా కట్టె లాగే మాట్లాడించాలని చూసేది.

అటు పెద్ద మొద్దులు అమ్ముడుపోక పడి ఉన్నాయి. వాటిని సన్నగా చీల్పించి, చెరుకు గడల్లాగా ఒక్క పొడుగున కోయించి, చంకలో పట్టేంత చిన్న కట్టలు కట్టడం మొదలుపెట్టింది. కట్టకు పైన వేలు దూరేంత ఉచ్చు పెట్టేది, పట్టుకుపోవడానికి వీలుగా. దానికి పేరు చెరుకు. సిగిడీ అనే బొగ్గుల కుంపటి ముట్టించే ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాళ్ళకు మోపు అక్కర్లేదు, ఒక చెరుకు చాలు. గ్యాసు ఇళ్ళకు కూడా ఏదో ఒకనాడు ఒక చెరుకు కావలసే వచ్చేది. ఆ ఇంజనీరుగారి భార్యే ఒక మధ్యాహ్నం రిక్షా దిగకుండానే, "మామ్మగారూ, చుట్టాలొచ్చారు, అన్నం సగంలో ఉండగా గ్యాసైపోయింది! చెరకు!" అని కేకేసింది.

"వండేదా, నమిలేదా?" అన్నది అత్తమ్మ, కట్ట అందిస్తూనే.

"ఆలస్యమైతే మా ఆయన నన్నే నమిలేస్తారండీ!"

జాతరకు వచ్చిన యాత్రికులు బయలులో రాళ్ళు పెట్టుకుని వండుకుంటారు. వాళ్ళకు ఆ చిన్న కట్టలు ఎంత నచ్చాయో చెప్పలేను. మరాఠీ వాళ్ళు కూడా "ఆజీ, ఏక్ చెరుకు ద్యా" అని అడిగి పట్టుకుపోయారు. అమ్మవారి దయ అని నేను మొక్కుకున్నాను.

చైత్రం దాటాక ఒక సాయంత్రం అత్తమ్మే గుర్తు చేసింది. "ఏం రా, జాతరయిపాయె. సీసాల సేటుకు ఏం జెప్పాలె?"

మా ఆయన కట్టలు కడుతున్నాడు. తల ఎత్తలేదు. "వానాకాలం ఎల్లనీ, చూద్దాం" అన్నాడు. ఆ మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

ఆమె పోయిన నాడు ముసురు పట్టి ఉంది. మా ఆయన వెనక మూలకు పోయి, గోనెలు తీసి, ఆమె పేర్చిన కట్టెలను తనే దించాడు. రెండేసి తీసి చెవి దగ్గర కొట్టి చూశాడు. చుట్టాలు తొందర పెట్టినా వినలేదు. అన్నీ టంగుమన్నాయి. వాటిని కట్టెలని అనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

దినాలు అయ్యాక గేటు తీశాం. ఆయన అన్ని రోజులూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ పొద్దున కూడా కుప్ప వెనక ఊరికే కూర్చుని ఉన్నాడు. నేను తరాజుకు పసుపు కుంకుమ పెడుతున్నాను. పద్మాపూర్ వైపు నుంచి కాబోలు, ఎన్నడూ చూడని ఒక చిన్న వయసు ఆమె గొడుగు ముడుస్తూ వచ్చి నిలబడింది.

"అమ్మా, ఈడ చెరుకు దొరుకుతదంట గదా?"

నేను నోరు తెరిచేలోపు, కుప్ప వెనక నుంచి, అచ్చం అత్తమ్మ గొంతులాగా వినిపించింది.

"వండేదా, నమిలేదా?"

ఆ అమ్మాయి తెల్లబోయి నా వైపు చూసింది. ఆయన లేచి, ఒక కట్ట తీసి, అందులో నుంచి రెండు పుల్లలు లాగి ఆమె చేతిలో పెట్టాడు.

"చెవి కాడ పెట్టి కొట్టు బిడ్డా" అన్నాడు. "ఏమంటున్నది?"