ఖబూరాలో మంచుముద్ద

పక్కింట్లో వడ్రంగులు తలుపులు కోస్తున్నారు. రంపప్పొట్టు వాసన కిటికీలోంచి వస్తే అందరికీ చెక్క గుర్తొస్తుందేమో, నాకు ఐసు గుర్తొస్తుంది.

డెబ్బైల్లో అమ్మ ఒమన్‌లో, ఖబూరా ఆస్పత్రిలో నర్సు. నాన్న బురైమిలో సైట్ మీద ఉండి, బండి దొరికినప్పుడు వచ్చేవాడు. ఖర్జూరాలు పండే ఎండల్లో, క్వార్టర్ల అరుగుల మీద ఆ గింజలతోనే అష్టాచెమ్మా ఆడుతూ, పక్క గది రూతమ్మ ఆంటీ క్రిస్మస్‌కి వండే గులాబీ పూల తీపిని అప్పటినుంచే తలుచుకుంటూ, చేపలవాళ్ళకి మస్కట్ నుంచి లారీలో వచ్చే ఐసుదిమ్మల కోసం పిల్లలం కాపు కాసేవాళ్ళం. రంపప్పొట్టులో కప్పి, తడిగోనెల్లో చుట్టి తెచ్చిన ఆ దిమ్మలనుంచి రాలిన ముక్క ఎవరికి దొరికితే ఆ పూటకి వాళ్ళే రాణి.

అమ్మా రూతమ్మ ఆంటీ ఇద్దరూ డ్యూటీ దిగి టీ తాగుతూ రోగుల సంగతులు చెప్పుకునేవారు. ఇక లాభంలేదనుకున్నవాడి గురించి, ఇంగ్లీషు డాక్టర్ దగ్గర నేర్చిన మాట అమ్మ విసిరేది: "ఆయనదా? స్నోబాల్స్ ఛాన్స్ ఇన్ హెల్ లేవే." నరకాగ్నిలో మంచుముద్ద ఎంతసేపు నిలుస్తుందో, అంత ఆశ అన్నమాట. ఇద్దరూ నవ్వుకునేవారు. మంచం మీదున్నది పరాయివాడైనంతకాలం అది నవ్వులాటే మరి!

ఒక వేసవిలో తమ్ముడు ఏడో నెలలోనే పుట్టాడు. దూదిలో చుట్టి, చుట్టూ వేడినీళ్ళ సీసాలు పెట్టారు. డాక్టర్ గుమ్మంలో నిలబడి, అమ్మకి వినబడేట్టే, రూతమ్మ ఆంటీతో ఆ మాటే అన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

నేను ఊరుకుంటానా? మనసులోనే డాక్టర్‌తో పోట్లాటకి దిగాను: ఖబూరా ఎండకంటే నరకం ఎక్కువా? లారీవాళ్ళు ఇంతదూరం కరగకుండా తేవడం లేదూ? చేపలాయన్ని బతిమాలి సగం దిమ్మ తెచ్చి, పొట్టులో కప్పి, గోనె తడుపుతూ కాపలా కూర్చున్నాను. తెల్లారింది, ఐసు ఉంది. ఎండ నడినెత్తికొచ్చింది, అయినా ఉంది.

అప్పుడే రూతమ్మ ఆంటీ వచ్చింది. "ఆ ఐసు ఇలా ఇవ్వవే, బంగారం."

"తమ్ముడికి చల్లదనం పడదుగా ఆంటీ? వెచ్చగా ఉంచాలన్నారుగా?"

"ఇంక పడుద్దమ్మా," అంది ఆంటీ. "మీ నాన్న బురైమి నుంచి రావాలిగా."

నాన్న వచ్చి మొహం చూసుకునేదాకా తమ్ముణ్ణి నా ఐసే కాచింది. తోటల అవతల ఇసుకలో పాతిపెట్టి, గుర్తుకి నున్నటి రాయొకటి ఉంచారు. ఆ తర్వాత అమ్మ ఆ మాట ఎవరి గురించీ అనలేదు. నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో ఆ జాతీయానికి అర్థం చెప్పాను గానీ, వాక్యంలో వాడి చూపించమన్న ప్రతివాడితోనూ పోట్లాడాను.

మొన్న చలికాలంలో ఖబూరా వెళ్ళాను. క్వార్టర్లు లేవు. ఐసు లారీలు లేవు. తోటలూ లేవు, వాటి అవతల ఇసుక మీద వెడల్పాటి రోడ్డు, వరసగా దుకాణాలు. ఫోన్ మోగింది. మంచం దిగలేని అమ్మ.

"బాబు దగ్గరికెళ్ళావా? రాయుందా?"

ఎవరి మాటా ఒప్పుకుని ఎరగని నేను, కార్లు దూసుకుపోతున్న ఆ రోడ్డు పక్కన నిలబడి, "ఉందమ్మా," అన్నాను.

"నాకు తెలుసే, ఉంటుందని," అంది అమ్మ, ఎంత సంతోషంగానో.