హారన్ కొట్టని కోడలు

మావగారి ఎదుట కోడలి గొంతు వినపడకూడని రోజులవి. నెల్లిమర్ల దగ్గర అత్తవారింటికి కాపురానికి వచ్చి ఆరు నెలలైనా, ఆయన ఏమడిగినా నేను తల ఊపడమే. (ఔనన్నా కాదన్నా ఒకటే ఊపు.) అదే మర్యాదని మా అమ్మ చెప్పి పంపింది. మావగారి ప్రాణమంతా ఒక పాత తెల్లకారు మీద ఉండేది. దాని బ్రేకు తొక్కితే దమ్ము చేసిన మడిలో కాలు దిగినట్టు మెత్తగా దిగిపోయేది. ఒకరోజు అత్త తేల్చి చెప్పేసింది: "సాయంత్రానికి బ్రేకు కుదిరితే సరి. నేదంటే బండిని తుక్కోడికి ఇచ్చీడమే!"

మావగారు చక్రాల్లో కొత్త రబ్బరు వాషర్లు వేశారు. ఇక బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలి. దానికి సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టే మనిషి కావాలి. మా ఆయన పనికి వెళ్లడంతో నన్ను కూర్చోబెట్టారు. ఆయన చక్రం పక్కన పడుకుని, "గుంటా, అడుక్కంటా తొక్కి హారను కొట్టు. నేను స్క్రూ ఇప్పి గాలి వదుల్తాను. మళ్లీ బిగించీదాకా కాలు తియ్యకు" అన్నారు. (గుంట అంటే మా వైపు ఆడపిల్ల.)

తొక్కాను. కానీ మావగారి మీద హారన్ కొట్టడమా! అందుకని తల ఊపాను. బండి కింద ఉన్న మనిషికి నా తల కనపడదని తట్టలేదు. ఆయన ఎదురుచూసి, ఎదురుచూసి, "హారను కూడా సచ్చినట్టున్నాది" అని గొణుక్కుని తనకు తోచినప్పుడు స్క్రూ విప్పేవారు. ఆపాటికి నా కాలు పీకి పైకి లేచిపోయేది. బయటికి పోవలసిన గాలి కాస్తా లోపలికి. అలా నాలుగు చక్రాలూ పూర్తిచేశాం.

పరీక్షకు అత్త వెనక కూర్చుంది. కష్టపడ్డానని నన్ను ముందు కూర్చోబెట్టారు. రైలు గేటు దాటాక పల్లం. మావగారు దర్జాగా బ్రేకు మీద కాలు వేశారు. కాలు అడుక్కి వెళ్లింది, బండి ఆగలేదు. మళ్లీ తొక్కారు. ఆగలేదు. ఎదురుగా రోడ్డు వారన వెదురు దండేల మీద ఆరేసిన గోగునార.

"హేండు బ్రేకు లాగు మావా!" అని అరిచాను. (అండీ లేదు, గిండీ లేదు.)

లాగారు. బండి గోగునారలోకి దూరి జడలు కట్టిన సన్నాసిలా ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అత్త "ఓలమ్మో, ఓలమ్మో" అంటూనే ఉంది. మావగారు బండిని చూడలేదు. దెయ్యాన్ని చూసినట్టు నన్నే చూస్తున్నారు.

"ఏటే, నీకు మాటొచ్చా?"

తల ఊపబోయి ఆగి, "వచ్చు మావా" అన్నాను.

"ఆర్నెల్లబట్టి మూగగుంటవనుకుంతన్నానే! రాసి సెప్పమందామంటే నీకు సదువూ రాదాయె. బాధపడతావని మీ అత్తని కూడా అడగలేదు."

పల్లంలో కూడా నా గుండె అంతగా జారలేదు. (అందుకేనా, నాతో మాట్లాడినప్పుడల్లా చేతులు తిప్పేవారు!)

గోగునార వాళ్ల తిట్లు తిని, హ్యాండ్ బ్రేకు మీదే మెల్లగా ఇంటికి చేరి మళ్లీ మొదలుపెట్టాం. వీధంతా వినపడేలా నేను "పట్టాను మావా!" అని అరవడం, ఆయన విప్పి బిగించడం. పొద్దు వాలేసరికి బ్రేకు రాతిమెట్టు మీద కాలు పెట్టినట్టు గట్టిగా నిలిచింది. అత్త స్వయంగా తొక్కి చూసి, "సర్లే, ఉంచుకో" అంది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. బండి ఉంది. ఒక్కడే బ్రేకు గాలి తీసుకోగలిగే సామాను వచ్చిందట గానీ, మా అబ్బాయి నన్నే కూర్చోబెడతాడు. కింద ఉన్నది వాడేనని తెలుసు. అయినా బ్రేకు తొక్కగానే నా నోట "పట్టాను మావా!" అనే వస్తుంది.

"తాత కాదే అమ్మా, నేను" అని కింద నుంచి నవ్వుతాడు.

నేను తల ఊపుతాను.