చీర కప్పిన చూడి ఆవు

నాలుగేళ్లు నేను చదివింది ఒక్కటే: క్లోనింగ్ పిండాన్ని మోసే ఆవులో మావి ఎందుకు దారి తప్పుతుందో. ఉత్తరాదిలో ఒక ప్రయోగశాలలో ఆ ఆవుల రక్తం తీసి, మావి విడిచే హార్మోన్లు కొలిచేదాన్ని. మామూలు చూడి ఆవులో మావిని గర్భసంచికి పట్టి ఉంచే గుండీల్లాంటి ముద్దలు బోలెడు ఉంటాయి. క్లోన్లలో అవి తక్కువ, ఉన్నవి ఉబ్బిపోయి ఉంటాయి. హార్మోన్ అంకె పైకెక్కుతుంది, సంచిలో నీరు చేరుతుంది, దూడ లోపలే విపరీతంగా పెరుగుతుంది, నెలలు నిండినా ఆవు ఈనదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇంత చదివి, పశువుల డాక్టర్‌గా పెద్దవంగర వచ్చి ఏం వెలగబెట్టానో కూడా చెప్పాలి కదా.

అక్కడ ఒక అవ్వకు పిల్లల్లేరు, భర్త పోయాడు. ఉన్నది ఒక్క ఆవు. దాని తల్లి చస్తే సీసాతో పాలు పట్టి పెంచింది. ప్రయోగశాలలో తయారైన పిండాన్ని పెడితే మంచి జాతి దూడ పుడుతుందని నేనే చెప్పి ఒప్పించాను. అది క్లోన్ కాదు, గాజు పాత్రలో ఫలదీకరణ చేసిన మామూలు పిండం. ఆ తేడాను అడ్డం పెట్టుకునే తర్వాత నన్ను నేను మోసం చేసుకున్నాను.

ఆరో నెల దాటగానే అవ్వ తన పాత చీర తెచ్చి, రెండు పక్కలా కడుపు కనబడకుండా ఆవు మీద కప్పింది.

"దీని కడుపు మీద ఎవ్వల కన్ను పడొద్దు డాక్టరమ్మా. నువ్వు గూడ సూడకు, ఏమనుకోకు" అంది.

నేను ఎదురు చెప్పలేదు. అంతకుముందు మరిపెడలో ఒక దూడను చూసి ముద్దుగా ఉందన్నాను. రెండు రోజులకు అది చచ్చింది. ఆ ఇంటివాళ్లు నన్ను మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఇక్కడా దిష్టి కళ్లదన్న పేరు తెచ్చుకోవడం ఇష్టం లేక, మెడ దగ్గర రక్తం తీసుకుని వచ్చేసేదాన్ని. నా పేరు కోసమే, ఆవు కోసం కాదు.

ఏడో నెలలో హార్మోన్ అంకె భయపెట్టేంత ఎక్కువ వచ్చింది. ప్రయోగశాలలో అయితే పరుగెత్తుకెళ్లి కడుపు పరీక్ష చేసేదాన్ని. గాజు పాత్ర పిండాల్లోనూ అరుదుగా ఇలా అవుతుందని తెలిసీ, ఇది క్లోన్ కాదు కదా, అనుకున్నాను. పైగా అవ్వతో, "మావి మంచి బలంగున్నది అవ్వా" అన్నాను. ఆమె నా బుగ్గలు నిమిరి, మెటికలు విరిచి నాకు దిష్టి తీసింది.

నెలలు నిండాయి. పొదుగు నిండలేదు. "జర ఆగుదాం" అన్నాను. నాలుగో రోజు పొద్దున ఆవు లేస్తలేదని కబురొచ్చింది. వెళ్లి చీర తీశాను. కడుపు రెండు వైపులా నీళ్ల బానలా ఉబ్బి ఉంది. కోశాను. నేలంతా నీరు. దూడ నెల రోజుల దూడంత ఉంది, ప్రాణం లేదు. సాయంత్రం లోపు ఆవూ పోయింది.

అవ్వ ఏడవలేదు. నన్ను పక్కకు పిలిచింది.

"దాయకుండ చెప్పు బిడ్డా. దసర తెల్లారి ఆశ ఆగక చీర తీసి సూస్కున్న. ఎంత సక్కగున్నదో అనుకున్న. నా దిష్టే తగిలిందా?"

"లేదవ్వా" అన్నాను. తప్పు నాదే అన్న మాట నోట్లోనే ఆగిపోయింది. ఊరంతా చూస్తోంది, ఉద్యోగం గుర్తొచ్చింది, సిగ్గేసింది. ఒట్టి "లేదు"ను ఆమె ఉత్త ఓదార్పు అనుకుంది, తన దిష్టే తగిలిందని నమ్మింది.

అప్పటి నుంచి చూడి పశువు ఎదురైతే అవ్వ మొహం తిప్పుకుంటుంది. మొన్న వాళ్ల వాడలో నెలలు నిండిన ఒక పిల్ల, "బాగున్నవా అవ్వా" అని పలకరించింది. అవ్వ కళ్లెత్తకుండా గబగబా లోపలికి పోయి తలుపేసుకుంది. నేను అక్కడే, వాకిట్లో నిలబడి ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు.