గేటు బయట బావ ఫోను

పోయినవి: మూడు వందల పన్నెండు డ్రాయింగులు, ఇద్దరు పాత ఖాతాదారులు, తర్వాత మా బావ.

విడిభాగాల కొలతలున్న ఆ డ్రాయింగులు ఒక్క పూటలో పోయాయి. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో నేనూ బావా పనిచేసేది ఒక చిన్న వర్క్‌షాపులో. ఎవరిదో తెలియని ఫోను మా వైఫైలో కలిసింది, దానితో వైరస్ వచ్చింది. మాకు పనిచ్చే ఆ ఖాతాదారులు ఆ నెలలోనే వెళ్లిపోయారు.

అప్పుడు నియమం రాసింది నేనే. అక్కడ లెక్కలు చూస్తాను, కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్నాను. ఫోను మా జాబితాలో ఉండాలి, పట్టుకున్న మనిషి తన రహస్య సంఖ్య కొట్టాలి. రెండూ కుదిరితేనే లోపలికి.

లేతు మిషను మీద పనిచేసే బావ నవ్వాడు. “ఫోనుకో పరీక్ష, మనిషికో పరీక్ష! పెళ్లిచూపుల్లో మీ అక్కనైనా ఇన్ని అడగనేదురా బామ్మర్దీ!”

బావకు రాయడం బద్ధకం. షిఫ్టు దిగేటప్పుడు ఏ పని ఎంతవరకు అయిందో, ఏ కొలత ఎంత తగ్గించాలో ఫోన్లో మాట్లాడితే అది నేరుగా ఆఫీసు కంప్యూటర్లో చేరేది. తర్వాత వచ్చేవాడు అది విని మిషను ఎక్కేవాడు.

గుండెపోటుతో బావ పోయాక జాబితాలోంచి ఆయన పేరు తీసేశాను. కొన్నాళ్లకు అక్క ఆయన ఫోను పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

“ఆ మాటలు ఓపాలి ఇంటానురా తమ్ముడూ. ఇంట్లో ఆయన గొంతు ఎక్కడా నేదు.”

“అందులో పనిచ్చే పార్టీల కొలతలున్నాయే అక్కా. బయటోళ్లకి ఇనిపించకూడదు.”

“ఇని నేనేటి సేత్తాను? లేతు నడుపుతానా?”

యజమానిని అడిగాను. “రూల్ ఆప్‌నే బనాయా, దాదా. ఆప్ హీ తోడేంగే?” అన్నాడు. నియమం పెట్టింది నేనే, నేనే ఎలా తెంచను? బయటికొచ్చేసరికి అక్క లేదు.

సీటులో కూర్చుంటే తెర మీద ‘బావ ఫోను’ అని, ఆ ఫోన్లో నేను పెట్టిన పేరే ఉంది. గేటు దగ్గర మా వైఫై అందగానే లోపలికి రానివ్వమని అడిగింది. కింద రెండు బటన్లు: అనుమతించు, తిరస్కరించు. దేన్నీ నొక్కలేదు.

అక్క సాక్చి బజారుకు వెళ్లే ఆటో మా గేటు ముందే ఆగుతుంది. ఆమె మళ్లీ లోపలికి రాలేదు, నాతో మాట్లాడదు. కానీ ఆటో ఆగినప్పుడల్లా, బిల్లులు కూడుతుండగా, అక్క సంచిలోని ఫోనుకు వైఫై అంది, బావ డ్యూటీకి వచ్చినట్టు ఆ పేరు వెలుగుతుంది. నేను తలెత్తి లేతు వైపు చూస్తాను. అక్కడ వేరే మనిషి ఉంటాడు.

తిరస్కరిస్తే ఆ పేరు ఇక రాదు. అనుమతిస్తే నా నియమం ఉండదు.

ఇంటికి వెళ్లే ముందు అన్నీ సరిచూస్తాను. కూడికలు కుదురుతాయి. తెర మీద ఒక్క అంకె మాత్రం ఈ రోజుకీ తీరలేదు. అనుమతి కోసం వేచి ఉన్నవి: 1.